రెండున్నర అడుగుల గీత

ఇంజనీరు మా గోడ మీది ఎర్రగీతను రోడ్డు మీంచి టేపుతో కొలిచి, "రెండున్నర అడుగులు" అన్నాడు. పక్కనున్న గుమాస్తా రాసుకున్నాడు.

ఆ గీత గీసింది నేనే. బోర్డులు రాసే పెయింటర్ని. పన్నెండేళ్ళ కిందటి వరదలో, నడవలేని మా అమ్మను మా ఆవిడ కుట్టుమిషను బల్ల మీద కూర్చోబెడితే, నీళ్ళు ఆమె గడ్డం దాకా వచ్చాయి. ఆరు గంటలు ఆమె తల పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు తగ్గాక, గోడ మీద మరక పోకముందే దాని వెంట గీత గీశాను.

"వరద మూడడుగులు దాటిన వీధులకే నీళ్ళు తోడే పంపులు. మీ వీధి లిస్టులో రాదు" అన్నాడు ఇంజనీరు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "సార్, అప్పుడు ఈ గీత నా ఛాతీ దగ్గరుండేది. ఇప్పుడు తొడ దగ్గరుంది. ఈ వయసులో నేనేమన్నా పొడుగు పెరిగానా?"

"రోడ్డు మీంచే కొలవాలని ఫారంలో ఉంది."

ఆ రోడ్డే కదా మా కొంప ముంచింది! గుంతలు పడ్డప్పుడల్లా పాత తారు తియ్యకుండా దాని మీదే కొత్త పొర వేసి పోయారు. ఒకప్పుడు మా ఇంట్లోకి మెట్టెక్కి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు దిగి వెళ్తున్నాం. ఎంత మొత్తుకున్నా వింటేగా? ఫారం మడిచి, చేతులు దులుపుకుని పోయారు.

"ఏరా, పంపు పెడతారంటనా?" లోపల్నించి అమ్మ అడిగింది.

మర్నాడు పొద్దున్నే గడ్డపార తీసుకుని, గీత కిందే రోడ్డు తవ్వడం మొదలుపెట్టాను. "మతిగానీ పోయిందా మీకు?" అంటూనే మా ఆవిడ తట్ట అందించింది. పొర కింద పొర, నాలుగు పొరలు. వాటి కింద వరదనాటి పాత రోడ్డు తగిలాక ఆపేశాను.

మధ్యాహ్నానికల్లా ఇంజనీరు, గుమాస్తా ఊడిపడ్డారు. నిన్న అంతసేపు మొత్తుకుంటే కదలనివాళ్ళకి ఇవాళ కాళ్ళొచ్చాయి.

"ప్రభుత్వ రోడ్డు తవ్వుతావా? నీ మీద కేసు పెడతా!" అని ఇంజనీరు ఎగిరాడు. గుమాస్తా గుంతలోకి టేపు దించాడు. అక్కడికక్కడే నోటీసు రాసి చేతిలో పెట్టారు: రోడ్డుకు నష్టం, గుంత లోతు రెండడుగులు. కింద సంతకం.

దాన్ని రెండుసార్లు చదివాను. "సార్, నిన్న గీత ఎత్తు రెండున్నర అన్నారు. ఇవాళ గుంత లోతు, అంటే వరద తర్వాత మీరేసిన రోడ్డు మందం, రెండన్నారు. రెండూ మీరు రాసినవే. కూడండి."

ఇంజనీరు గుంతను చూశాడు, గీతను చూశాడు. "నాలుగున్నర" అని గుమాస్తా పైకే అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"సరే, మళ్ళీ రాస్తాను. ముందు గుంత పూడ్చు."

"పంపు వచ్చాకే పూడుస్తా. అప్పటిదాకా కొలిచేందుకు ఎవరొచ్చినా, ఇందులో దిగి నిలబడి కొలవమనండి."

అతను నా ఎదుటే ఫారం తీసి, రెండున్నర కొట్టేశాడు.

"ఏరా, పంపు పెడతారంటనా?" అమ్మ మళ్ళీ అడిగింది.

"పెట్టకుండా ఎక్కడికి పోతారమ్మా!" అన్నాను, వాళ్ళకి వినపడేలా.