సెలవులో ఉన్న తమ్ముడు

ఆ సెమిస్టర్‌లో యూనివర్సిటీ మొత్తం మీద పాఠం బాగా చెప్పినవాడిగా మొదటి స్థానం కొట్టేసిన మనిషి చనిపోయి ఏడాది దాటింది.

బోధనా నాణ్యత విభాగంలో ఆ సంగతి తెలిసింది ఒక్క మనిషికే. ఆమె నోరు మెదపలేదు. అతను ఆమె తమ్ముడు.

స్టాఫ్ ఆమెను చాటుగా ‘సర్క్యులరమ్మ’ అంటారు. హాజరు ఎలా నమోదు చెయ్యాలి, ప్రశ్నపత్రం ఎప్పటికి పంపాలి, క్లాసులో ఎంతసేపు పిల్లలతో మాట్లాడించాలి, అన్నీ ఆమె సర్క్యులర్లలోనే వస్తాయి. చదివేవాళ్లు తక్కువ, విసుక్కునేవాళ్లు ఎక్కువ. ఎవరు చేరారు, ఎవరు వెళ్లిపోయారు అని కంప్యూటర్‌లో మార్చేది కూడా ఆమే.

తమ్ముడు పోయాక అతని పేరు మార్చాల్సిన పనీ ఆమె బల్ల మీదికే వచ్చింది. స్క్రీన్ మీద వరసగా కొన్ని మాటలు. రాజీనామా, పదవీ విరమణ, బదిలీ, మరణం, సెలవు. ఆమె చాలాసేపు చూసి చివరి మాట మీద నొక్కింది. తమ్ముడు కాంట్రాక్టు లెక్చరర్. క్లాసు తీసుకుంటేనే జీతం, లేకపోతే లేదు. అందుకే జీతాల సెక్షన్ వాళ్లు ఆ పేరు వైపు కన్నెత్తి చూడలేదు. కోర్సు పేజీలో అతని పేరు అలాగే ఉండిపోయింది. అతని క్లాసుల వీడియోలూ ఉండిపోయాయి.

ఆమెకు కావలసింది ఆ వీడియోలే. ఉద్యోగం నుంచి వెళ్లిపోయినవాళ్ల వీడియోలు మర్నాడు తెల్లారేసరికి వాటంతటవే చెరిగిపోతాయి. సెలవులో ఉన్నవాళ్లవి ఉంటాయి.

ఇన్నాళ్లూ బండి గుట్టుగా నడిచింది. ఆ గురువారం పొద్దున డైరెక్టర్ పిలిచేదాకా.

డైరెక్టర్ ఈ మధ్యే వేరే చోటి నుంచి వచ్చాడు. పాత మొహాలు ఆయనకు తెలియవు.

“ఈయనెవరో గట్టివాడు మేడం. పిల్లలు ఎగబడి మార్కులేశారు. సోమవారం కొత్త లెక్చరర్లకు శిక్షణ ఉందిగా, ఈయనతో నాలుగు మాటలు చెప్పిద్దాం.”

“ఆయన సెలవులో ఉన్నారు సార్.”

“సెలవులో ఉండి మొదటి స్థానమా? మనవాళ్లు డ్యూటీలో ఉండే తెచ్చుకోలేకపోతున్నారు.” ఆయన నవ్వాడు. “ఫోన్ చేసి పిలవండి.”

“ఫోన్ ఎత్తరు సార్.”

“ఎత్తేదాకా చెయ్యండి. ఇంకోటి. అదే డిపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి ప్రొబేషన్‌లో ఉంది. పిల్లల మార్కులు ఆమె పేరున ఒక్కటీ లేవు. రేపు సాయంత్రం ఆమె ఫైలు కమిటీకి వెళ్తుంది. మార్కులే లేని మనిషిని ఎలా ఉంచమంటారు? ఓసారి ఆమె క్లాసు చూసి రండి, మనం అన్యాయం చేశామన్న మాట రాకూడదు.”

తలుపు దాటాక ఆమెకు లెక్క అర్థమైంది. తమ్ముడి స్థానంలో వచ్చింది ఆ అమ్మాయే. కోర్సు పేజీలో లెక్చరర్‌గా ఇంకా తమ్ముడి పేరే ఉంది కాబట్టి, పిల్లలు ఆ అమ్మాయికి వేసిన మార్కులన్నీ తమ్ముడి ఖాతాలో పడుతున్నాయి. బతికున్న మనిషి అన్నం చనిపోయినవాడి విస్తట్లో వడ్డిస్తున్నది తనే.

*

మధ్యాహ్నం క్లాసులో చివరి బెంచీలో కూర్చుంది. పరిశీలనకు వచ్చినవాళ్లు మాట్లాడకూడదు. ఆ నియమం రాసిందీ ఆమే.

ముందు బెంచీలో ఇద్దరు కుర్రాళ్లు గుసగుసలాడుతున్నారు.

“వెనక చూడరా, ఇన్‌స్పెక్షన్.”

“మన పాజ్ మేడానికేం భయం రా. నువ్వు నిద్రపోకు, చాలు.”

లెక్చరర్ లోపలికి వచ్చింది. సన్నగా, చేతిలో పొడవాటి చెక్క స్కేలుతో. వెనక ఎవరు కూర్చున్నారో చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత లైటు తీసి తెర మీద వీడియో పెట్టింది.

తమ్ముడు.

చొక్కా చేతులు మోచేతిదాకా మడిచి, వేళ్లకు సుద్ద. బోర్డు మీద వంతెన బొమ్మ. “ఇదిగో, వంతెన. దీని మీదికి బస్సొచ్చింది. బస్సు నిలబడితే వంతెనకు కష్టమా, పరుగెడితే కష్టమా? చిన్నప్పుడు నేనీ ప్రశ్న ఒక డ్రైవర్‌ని అడిగాను. ఆయన చెప్పలేదు. మీరు చెప్పండి. తొందరేం లేదు, ఆలోచించండి.”

అమ్మాయి వీడియో ఆపేసింది. తమ్ముడు కళ్లజోడు తుడుచుకుంటూ తెర మీద నిలిచిపోయాడు.

క్లాసు ఒక్కసారిగా లేచింది. నిలబడితేనే అని ఒకడు, పరుగెడితే అని ఇంకొకడు. ఆమె స్కేలును రెండు బెంచీల మధ్య వంతెనలా పెట్టింది. నీళ్ల సీసాను మెల్లగా దాని మీద ఆనించింది. స్కేలు కొంచెం వంగింది. అదే సీసాను స్కేలుకు తగిలీ తగలనట్టు పట్టుకుని ఒక్కసారిగా వదిలింది. ఈసారి బాగా వంగి, ఊగింది. “బరువు అదే కదా, మరి ఎందుకిలా?” అని అడిగి, చేతులు కట్టుకుని నిలబడింది. జవాబు తను చెప్పలేదు. పిల్లల నోటినుంచే లాగింది. గంట కొట్టినా ఎవడూ కదల్లేదు.

సర్క్యులరమ్మ పరిశీలన కాగితం మీద ఏమీ రాయలేకపోయింది. వీడియోలు వేసి చేతులు దులుపుకుంటోందేమో చూద్దామని వచ్చింది. అలా అయితే మనసు తేలికపడేది. తీరా చూస్తే ఆ మార్కుల్లో ప్రతి ఒక్కటీ ఈ పిల్ల కష్టార్జితం.

క్లాసు ఖాళీ అయ్యాక పిలిచింది.

“నీ మార్కులు వేరే పేరున పడుతున్నాయని నీకు తెలీదా?”

“తెలుసండి.”

“తెలిసి ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందమ్మా.”

ఆ అమ్మాయి స్కేలును అటూ ఇటూ తిప్పింది. “చెబ్దామనే మీ ఆఫీసు మెట్లెక్కానండి, చాలాసార్లు. ఎక్కి దిగిపోయాను. ఆయన పేరు తీసేస్తే వీడియో పోతుందని మీ సర్క్యులర్‌లో ఉంది.”

“నీకింకో వీడియో దొరకదా?”

“నాకోసం కాదండి. ఈ వీడియో ఎప్పుడు, ఎక్కడిదాకా చూశారో కోర్సు పేజీలో కనబడుతుంది. రోజూ సాయంత్రం ఎవరో పెట్టుకుంటున్నారు. స్టాఫ్ పాస్‌వర్డ్‌తో, మన పిల్లలు కాదు. రోజూ ఇక్కడే, ఈ ప్రశ్న దగ్గరే ఆపేస్తున్నారు. ఎందుకాపుతున్నారా అని నేనూ ఆపి చూశాను. క్లాసు మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు పాఠం చెప్పడం అలా వచ్చిందండి.” కాస్త ఆగి, “మీరు ఆయన అక్కగారని స్టాఫ్ రూమ్‌లో అన్నారు. మీ ఇంట్లోనే ఎవరో అనుకున్నాను. అది ఆపించడానికి నాకు చేతులు రాలేదు.”

సర్క్యులరమ్మ కాగితాన్ని మడిచింది. విప్పింది. మళ్లీ మడిచింది.

*

ఇంటికి వెళ్లేసరికి నాన్న కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, డ్యూటీకి వెళ్లేవాడిలా. బస్సు డ్రైవర్‌గా రిటైరయి చాలాకాలమైంది.

కొడుకుతో ఆయనకు మాటలు తక్కువ. ఒకరి మీద ఒకరికి కోపమేం లేదు, మాట్లాడుకోవడం అలవాటు కాలేదంతే. కొడుకు పోయాక ఆమె తన పాస్‌వర్డ్‌తో ఈ వీడియో పెట్టి చూపించింది. మర్నాడు ఆయనే అడిగాడు. ఆ తర్వాత రోజూ. ఒక డ్రైవర్‌ని అడిగాను, ఆయన చెప్పలేదు అన్న దగ్గర వీపు నిటారుగా పెడతాడు. ఆలోచించండి అనగానే ఆపేస్తాడు. “తెలీదురా” అని మెల్లగా అని లేచి వెళ్లిపోతాడు. ఆపైన వీడియోలో ఏముందో ఆయన ఎప్పుడూ వినలేదు.

ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. డైరెక్టర్ మాట, ఆ పిల్ల మాట, రేపటి ఫైలు, అన్నీ చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

“ఆ పిల్లకి ఎవరున్నారు?”

“అడగలేదు నాన్నా.”

“పేరు తీసేస్తే వీడియో పోవాలని ఎవడు పెట్టాడు ఈ రూలు?”

ఆమె తల దించుకుంది. “వాడే. వాడి స్నేహితుణ్ణి ఉద్యోగంలోంచి తీసేసి, మరుసటేడు ఆ స్నేహితుడి వీడియోలతోనే క్లాసులు లాగించారు. మనిషిని గెంటి గొంతు దాచుకుంటారా అక్కా, నువ్వు రాసే చెత్తలో ఈ ఒక్క ముక్కా రాయి అని నా వెంటపడ్డాడు. రాశాను.”

“వాడు పెట్టించిన రూలు నువ్వెలా దాటావే?”

“నీకోసం.”

“నా మీద పెట్టకు. వంటింటి తలుపు దగ్గర నిలబడి నువ్వూ వింటావు. రోజూ స్టవ్ కట్టేసి మరీ వింటావు. నాకు చెవుడేం లేదు.”

ఆమె వంటింటి తలుపు వైపు చూసింది.

“రేపు వాణ్ణి సెలవులోంచి పిలిపించెయ్,” అన్నాడు నాన్న. “ఆ పిల్ల పొట్ట కొట్టి నేను పాఠం వింటున్నానంటే వాడు నా మొహం చూడడు.”

*

శుక్రవారం ఆమె ఆ స్క్రీన్ తెరిచింది. ‘మరణం’ మీద నొక్కింది. తర్వాత మార్చడం కుదరదు, సరేనా అని అడిగింది కంప్యూటర్. ఆమె తమ్ముడి పేరు ఇంకోసారి చదువుకుంది. సరే అంది.

కాసేపటికి జాబితా మారింది. అవే మార్కులు, అదే మొదటి స్థానం. పక్కన ఆ అమ్మాయి పేరు. ఫైలు ప్రింటు తీసి తనే డైరెక్టర్ గదికి తీసుకెళ్లింది.

ఆయన ఫైలు చూసి ఆమెను చూశాడు. “నిన్నటి పెద్దమనిషి ఏమయ్యాడు?”

“పోయారు సార్.”

“అయ్యో, ఎప్పుడు?”

“పోయినేడు.”

డైరెక్టర్ కుర్చీ ముందుకు జరిపాడు. “పోయినేడు పోతే ఇన్నాళ్లూ సెలవు అని పెట్టిందెవరు మేడం? ఇది తమాషా కాదు.”

“నేనే సార్. మా తమ్ముడు.”

ఆయన చెయ్యి ఫైలు మీదే ఆగిపోయింది. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. “దీని మీద మీరు సంజాయిషీ రాయాల్సి ఉంటుంది,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “సోమవారం రాయండి. ఇవాళ ఇంటికి వెళ్లండి.” ఆమె ఎదుటే అమ్మాయి ఫైలు మీద సంతకం పెట్టాడు.

సాయంత్రం మెట్ల మీద ఆ అమ్మాయి ఎదురైంది. కమిటీ మాట అప్పటికే చెవిన పడ్డట్టుంది. చేతులు జోడించబోయింది. సర్క్యులరమ్మ ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, దాటుకుని వెళ్లిపోయింది.

*

తెల్లారితే వీడియో ఉండదు. యూనివర్సిటీ సర్వర్ నుంచి దాన్ని దించుకునే వీలు లేదు. ఆమె ఫోన్‌ను గ్లాసుకు ఆనించి, కంప్యూటర్ తెర వైపు తిప్పి, రికార్డింగ్ పెట్టింది. ఆ కాస్తయినా మిగులుతుందని.

నాన్న కూర్చున్నాడు. తమ్ముడు బోర్డు మీద వంతెన గీశాడు. బస్సు నిలబడితే కష్టమా, పరుగెడితే కష్టమా అని అడిగాడు. డ్రైవర్‌ని అడిగానన్నాడు. ఆయన చెప్పలేదన్నాడు. తొందరేం లేదన్నాడు.

రోజూ నాన్న ఆపే చోటు రాగానే ఆమే ఆపబోయింది.

“ఇవాళ ఆపకు,” అన్నాడు నాన్న.

తెర మీద తమ్ముడు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఆ సందులో నాన్న మొదలుపెట్టాడు.

“పరుగెడితేనే రా. మీ అక్క చెప్పిందిలే, ఆ పిల్ల స్కేలు పెట్టి చూపించిందట. నువ్వు నా సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడేవాడివి. వంతెన రాగానే స్పీడు ఎందుకు తగ్గిస్తావు నాన్నా అని అడిగావు. బస్సునిండా జనం. తెలీదని చెప్పడానికి సిగ్గేసి కసిరాను. మళ్లీ నువ్వు నన్నేదీ అడగలేదు. అడగొచ్చుగా రా. ఇంకోసారి అడిగి ఉండొచ్చుగా.”

ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. వీడియో నడుస్తూనే ఉంది. చెరో పక్కా ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఆమెకు ఎవర్ని వినాలో తెలియలేదు. ఆమె వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. ఈసారి నాన్న పెదాలు బిగబట్టి విన్నాడు.

“పరుగెడితేనే కష్టం,” అంటున్నాడు తమ్ముడు. “ఆ డ్రైవర్ వంతెన రాగానే స్పీడు తగ్గించేవాడు. ఆయన చేతులకు తెలుసు. దాన్ని మాటల్లో పెట్టి నాకు చెప్పడం ఆయనకు రాలేదు. నేనూ ఊరుకోకుండా ఇంకోసారి అడగాల్సింది.”

నాన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆ కంగారులో ఆమె ఫోన్ సంగతే మర్చిపోయింది. రెండోసారి పెట్టేటప్పటికి ఫోన్‌లో చోటు నిండిపోయి రికార్డింగ్ దానంతటదే ఆగిపోయింది. పడింది మొదటిసారి మాత్రమే. మర్నాడు పొద్దున కంప్యూటర్ తెరిస్తే కోర్సు పేజీలో వీడియో ఉండాల్సిన చోట ఖాళీ. ఫోన్ పెట్టి విన్నారు. ప్రశ్న వరకు తమ్ముడు బాగానే వినిపించాడు. ఆపైన అంతా నాన్న గొంతే. ఆ గొంతు కింద ఎక్కడో, పక్క గదిలో మాట్లాడుతున్నట్టు తమ్ముడి గొంతు. ఒక్క ముక్కా తెలియడం లేదు.

“నేనెందుకు మాట్లాడానే,” అన్నాడు నాన్న.

సాయంత్రం ఆయన మళ్లీ తల దువ్వుకుని వచ్చి కూర్చున్నాడు. ఆమె స్టవ్ కట్టేసి వచ్చి, ఈసారి తలుపు దగ్గర ఆగకుండా, స్టూలు మీద కూర్చుంది. ఎదురుగా తెర నల్లగా ఉంది.

“ఆ పిల్ల ఆ ప్రశ్న మళ్లీ అడుగుతుందా?” అన్నాడు నాన్న.

“ప్రతి ఏడూ అడుగుతుంది నాన్నా.”

“ఎవరి ప్రశ్న అని చెప్తుంది?”

నాన్న తొందరపెట్టలేదు. నల్లటి తెరను చూస్తూ, ఆమె ఆలోచించుకునేదాకా ఆగాడు.