పట్టకుండా వదిలేయాల్సిన బంతి

ఆ శుక్రవారం పొద్దున నేనూ మా తమ్ముడూ ఊహ తెలిశాక మొదటిసారి ఒకే హాల్లో ఉన్నాం. నేను సోఫాలో, వాడు టీవీలో.

మా టోంగా దీవుల వాళ్ళలో అక్కాతమ్ముళ్ళు ఒకే గదిలో కూర్చుని టీవీ చూడరు. అక్కంటే గౌరవం. ఆ గౌరవం ఎంతదాకా అంటే, నేను హాల్లోకి వస్తే వాడు లేచి వెళ్ళిపోవాలి. చిన్నప్పుడు రిమోట్ కోసం ఈ పద్ధతిని నేను బాగానే వాడుకున్నాను. ఇప్పుడు తమ్ముడు సలేసి అమెరికాలో ఉన్నాడు. భుజాల మీద డొప్పలు, మొహానికి అడ్డంగా ఊచలున్న హెల్మెట్. టీవీలోంచి లేచి వెళ్ళలేడు కాబట్టి మా మేనత్త అతెలైతె కూడా చూసీచూడనట్టు ఊరుకుంది.

నాన్నకి మాత్రం మినహాయింపు దొరకలేదు. అత్త ఆయనకి సొంత అక్క. ఆవిడ హాల్లో కుర్చీలో కూర్చుంటే ఆయన గరాజ్‌లో సిమెంటు బస్తా మీద కూర్చుని నా పాత ఫోన్‌లో ఆట చూస్తున్నాడు. ఫోన్‌లో ఆట టీవీ కంటే అర నిమిషం వెనక నడుస్తుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని గదా అని దాన్ని సరిచేయమని నన్నే అడిగారు. తప్పెక్కడుందో చెప్పగలను గానీ సరిచేయడం నా ఉద్యోగం కాదని చెప్పాను. ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

అమ్మ వృద్ధాశ్రమంలో డ్యూటీకి వెళ్ళింది. కావాలనే షిఫ్ట్ మార్పించుకుంది. చూడలేనంది.

హాలుకీ గరాజ్‌కీ మధ్య తిరిగే హక్కు పెనీ బాబాయ్‌కి ఒక్కడికే ఉంది. నాన్నతో కలిసి కాంక్రీటు పని చేసే ఫిజీ మనిషి ఆయన. మా గౌరవాలేవీ ఆయనకి అంటవు. తినడానికి ఏదో ఒకటి తీసుకునే నెపంతో హాల్లోకి రావడం, టీవీ చూడడం, పరుగున గరాజ్‌కి వెళ్ళి జోస్యం చెప్పడం.

"అన్నా, పందెం కాస్తావా? ఇప్పుడు ఆ నల్ల చొక్కావాడు జారి పడతాడు."

"నీ మొహం."

కాసేపాగి గరాజ్‌లోంచి నాన్న అరుపు. "ఒరేయ్! నిజంగానే పడ్డాడ్రా!"

అత్తకి ఆట అర్థం కావడం లేదు. "ఏమే లుసియానె, అందరూ డొప్పలు పెట్టుకుంటే మనవాడెవడో ఎట్లా తెలుస్తుంది?"

"అదిగో అత్తా, అందరికంటే వెనక ఒంటరిగా నిలబడ్డాడే, వాడే."

"ఒంటరిగా ఎందుకు? వాడితో ఎవరూ మాట్లాడటం లేదా?"

పోయినేడాది దాకా వాడితో మాట్లాడాలని మేముండే పేట మౌంట్ డ్రూయిట్ అంతా ఎగబడేది. మా క్లబ్‌కి రగ్బీ లీగ్‌లో వాడే ఫుల్‌బ్యాక్. వెనక నిలబడి అవతలివాళ్ళు తన్నిన బంతులన్నీ పట్టి, ఎదురొచ్చినవాళ్ళని దాటుకుంటూ పరిగెత్తేవాడు. చర్చిలో పిల్లలందరికీ వాడి హెయిర్ కటింగే. క్లబ్ వాళ్ళు ఇంకో నాలుగేళ్ళకి కాగితాలు సిద్ధం చేసుకున్నారు. అప్పుడు వీడు, అమెరికా ఫుట్‌బాల్ ప్రయత్నిస్తానన్నాడు.

ఆ వారమంతా మా ఇంటికి వచ్చినవాళ్ళు వాడిని పలకరించి, నా దగ్గరికి వచ్చారు. నువ్వు వద్దంటే ఆగిపోతాడమ్మా, అన్నారు. నిజమే, ఆగిపోతాడు. తమ్ముడు అక్క మాట కాదనకూడదు. నా చేతిలో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంది, అందుకే దాని జోలికి పోను. నేను వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. బ్యాగులో వెచ్చటి సాక్సులు పెట్టాను.

ఆ శుక్రవారం ఆట గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు, అదంతా సీజన్‌కి ముందు పరీక్ష. శిబిరానికి తొంభై మందిని తీసుకుంటారు. ఈ ఆట కాగానే సగానికి కాస్త ఎక్కువమందిని ఉంచుకుని మిగతావాళ్ళని ఇంటికి పంపేస్తారు. సలేసి నిలబడాలంటే దారి ఒక్కటే. అవతలివాళ్ళు తన్నిన బంతుల్ని వెనక నిలబడి పట్టడం. వాడికి పుట్టుకతో వచ్చిన పనే కదా అనుకున్నాం.

కానీ అక్కడ ఒక తేడా ఉంది. బంతి నేల మీద పడితే దాన్ని ముట్టుకోకూడదు. వదిలేసి దూరంగా జరిగిపోవాలి. అది దొర్లి దొర్లి ఎక్కడ ఆగితే అక్కడినుంచి మనవాళ్ళే ఆడతారు, నష్టం లేదు. ముట్టుకుని జారవిడిచావా, అవతలివాళ్ళు లాక్కుంటారు.

ఇది వినగానే నాన్న, "వదిలేయడమేంటి? చేతుల్లేవా?" అన్నాడు. సలేసికి ఆరేళ్ళప్పటినుంచి పార్కులో ఆయన నేర్పింది దీనికి సరిగ్గా ఉల్టా. నేల మీద బంతి కనపడితే దాని మీద పడాలి. పడకపోతే ఆ సాయంత్రం ఇంటిదాకా నడకే, కారెక్కనిచ్చేవాడు కాదు.

అందుకని నేను ప్రతివారం వాడి ఆట వీడియోలోంచి ముక్కలు కత్తిరించి పంపేదాన్ని. బంతి నేలకి తగిలే చోట ఆపి, కింద ఒక్క మాట రాసేదాన్ని. "వదిలెయ్." అక్క రాసిన మాట కదా, వాడు వదిలేశాడు. ఇంతకుముందు రెండు ఆటల్లోనూ చేతులు వెనక్కి పెట్టుకుని పక్కకి నడిచిపోయాడు. చూస్తుంటే ఎవరింట్లోనో పెళ్ళిలో తినొద్దని చెప్పిన పిల్లాడిలా ఉన్నాడు.

ఆ శుక్రవారం ఆట మూడో భాగంలో ఒక బంతిని గాల్లోనే పట్టి, నలుగుర్ని దాటుకుని మైదానం సగం దాకా పరిగెత్తాడు. పెనీ బాబాయ్ చేతిలో ఉన్న చికెన్ ముక్కతో సహా ఎగిరి గంతేశాడు. అత్త కుర్చీలోంచి లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతూ నాట్యమాడింది. గరాజ్‌లో నాన్నకి ఇంకా తెలీదు.

"చెప్పకు బాబాయ్," అన్నాను. "ఆయన్నే చూడనీ."

ఆగాం. అర నిమిషానికి గరాజ్ రేకులు దడదడలాడాయి. అత్త నవ్వి, ఆ నవ్వు తన తమ్ముడికి వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చివరి భాగంలో ఇంకో బంతి వచ్చింది. తన్నినవాడు సరిగ్గా తన్నలేదో, గాలికి తిరిగిందో, సలేసికి చాలా ముందర నేల మీద పడింది. వాడు పక్కకి నడవడం మొదలుపెట్టాడు. చెయ్యెత్తి తనవాళ్ళని కూడా దూరం పొమ్మంటున్నాడు. అంతా నేర్చుకున్నట్టే చేస్తున్నాడు. ఆ బంతి గుండ్రంగా ఉండదు కదా, ఎటు దూకుతుందో దానికే తెలీదు. రెండుసార్లు ఎగిరి, వెనక్కి తిరిగి, కుక్కపిల్లలా నేరుగా వాడి కాళ్ళ దగ్గరికే వచ్చింది.

"వద్దు," అన్నాను టీవీతో.

పడ్డాడు దాని మీద. ఛాతీ కిందికి లాక్కుని ముడుచుకున్నాడు. మౌంట్ డ్రూయిట్ పార్కులో ఎలా పడేవాడో సరిగ్గా అలాగే. నేను రాసిన మాట తలకి చేరింది. కాళ్ళకీ చేతులకీ అక్క ఉండదు. వాడి జట్టువాడే ఒకడు వెనక్కి చూసుకోకుండా వచ్చి వీడి మీద పడ్డాడు. బంతి బయటికి జారింది. దాని మీద ఒక గుట్ట మనుషులు. గుట్ట విడిపోయేసరికి రిఫరీ చెయ్యి అవతలివైపు చూపిస్తోంది.

"మంచిదే కదా?" అంది అత్త. "వాడే కదా ముందు పట్టుకున్నాడు?"

"మంచిది కాదత్తా."

పెనీ బాబాయ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. గరాజ్‌లోకి వెళ్ళలేదు. ఆ అర నిమిషం హాల్లో ఎవరం కదల్లేదు. తర్వాత గోడ అవతలనుంచి నాన్న గొంతు వినిపించింది. "పట్టు! పట్రా! అదీ! అదీ నా కొడుకు!"

ఆ వెంటనే ఇంకేం వినపడలేదు.

తర్వాతి బంతికి వెనక నిలబడింది వేరే కుర్రాడు. కోచ్ తిట్టలేదు కూడా. సలేసి హెల్మెట్ తీసి బెంచీ మీద కూర్చున్నాడు. కెమెరా వాడిని ఒక్కసారి చూపించి పక్కకి తిరిగింది.

బుధవారం నేను ఇంటినుంచి పని చేసే రోజు. అత్త పొద్దున్నే వచ్చి వంటింట్లో నా ఎదురుగా కూర్చుంది. ఎందుకొచ్చిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫోన్ మోగితే స్పీకర్లో పెట్టమని సైగ చేసింది.

"అక్కా, పంపేశారు," అన్నాడు సలేసి.

"తిన్నావా?"

"తిన్నా. ఒకతను గది దగ్గరికి వచ్చి, కోచ్ పిలుస్తున్నాడు, జట్టు వాళ్ళిచ్చిన ట్యాబ్ కూడా తెచ్చుకో అన్నాడు. ట్యాబ్ తెమ్మన్నారంటేనే అర్థమైపోతుందంట. నాకు తెలీక చార్జర్ కూడా పట్టుకెళ్ళా."

నవ్వాడు. నేనూ నవ్వాను.

"ఇక్కడే ఇంకొన్నాళ్ళుంటే వేరే జట్టువాళ్ళు ఎవరైనా పిలవొచ్చంట. పిలవకపోవచ్చు కూడా. మన క్లబ్ వాళ్ళేమో ఇవాళే చెప్పమంటున్నారు, లేకపోతే నా చోట్లో ఇంకొకర్ని తీసుకుంటారు. ఏం చేయమంటావక్కా?"

"నీ మనసులో ఏముంది?"

"నువ్వు చెప్పు."

"నేనడుగుతుంది నిన్నురా."

"నువ్వేది చెబితే అదే నా మనసులో ఉన్నది."

ఈ ముక్క వాడు వెటకారంగా అని ఉంటే బాగుండేది. లేదు, నిజంగానే అన్నాడు. ఉండమంటే ఉంటాడు. ఎవరూ పిలవకపోయినా, ఏదో ఊళ్ళో ఎవరి సోఫా మీదో పడుకుని నేను ఇంక చాలనే దాకా ఉంటాడు. రమ్మంటే వస్తాడు. ఇంకో అమ్మాయయితే మనసులో ఉన్నది చెప్పేసేది, తమ్ముడు పోవే అనేవాడు, ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు, ఆ పోట్లాటలో ఏదో ఒకటి తేలేది. మాకు ఆ సదుపాయం లేదు.

"సలేసీ, ఒక్క నిమిషం నేను నీ అక్కని కాదనుకో..."

"అట్లా ఎట్లా అనుకుంటా?"

అత్త చెయ్యి చాపింది. నా పైన కూడా అడ్మిన్ ఉంది మరి. మేనత్త మాటంటే ఇంట్లో ఇక దాని మీద మాట లేదు. ఫోన్ ఇచ్చేశాను.

"నాన్నా, నేను. ఇంటికొచ్చెయ్."

"సరే అత్తా."

అంతే. ఊపిరి తీసుకునేంత సమయం కూడా తీసుకోలేదు. వాడికి బరువు దిగిందో, గుండె జారిందో ఆ రెండు మాటల్లోంచి నేను పట్టుకోలేకపోయాను.

గురువారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా వాడినుంచి ఒక ఫొటో వచ్చింది. ఇంకో ఊరి జట్టు వాళ్ళు పంపిన సందేశం అది. ప్రాక్టీసు బృందంలో చోటుంది, రేపు పొద్దున్నకల్లా వచ్చి సంతకం పెట్టు. దాని కింద సలేసి రాశాడు: "విమానం గేటు దగ్గరున్నా అక్కా. అత్తకి సరే అన్నాను కదా. ఆవిడకి చెప్పకు, బాధపడుతుంది."

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తితే నేను ఉండిపో అంటానని వాడికి తెలుసు. అప్పుడు అక్క మాట ఒక పక్క, మేనత్త మాట ఒక పక్క. అందుకే ఎత్తలేదు. వాడిని విడిపించగలిగేది అత్త ఒక్కతే.

చెప్పొద్దన్నాడు. పార్కింగ్‌లో కార్లో కూర్చుని కాసేపు ఆ మాటకి విలువిచ్చాను. తర్వాత చర్చి హాలుకి పోనిచ్చాను.

అత్త పొడుగు బల్ల ముందు కూర్చుని సలేసి వస్తున్నందుకు రేపు పెట్టే విందుకి లూ పొట్లాలు చుడుతోంది. చేమాకుల్లో కొబ్బరిపాలు, డబ్బా మాంసం, ఉల్లిపాయలు. చుట్టూ చర్చి ఆడవాళ్ళు. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"రావే, చెయ్యి కడుక్కుని కూర్చో. యాభై మంది వస్తున్నారు."

ఫొటో చూపించాను. చదివి వినిపించాను. వాడు రాసింది కూడా చదివాను.

అత్త ఆకు మడత పూర్తి చేసింది. ఇంకో ఆకు తీసుకుని, దాన్ని చుట్టకుండా పట్టుకునే కూర్చుంది.

"నాకెందుకు చెప్పావే?"

"మీరొక్కరే వాడిని ఉండమనగలరు."

"మళ్ళీ పంపేస్తే? మళ్ళీ ఎవడో తలుపు కొడితే?"

"పంపేయొచ్చు."

"ఆ రోజు వాడు బెంచీ మీద కూర్చున్నప్పుడు నేను ఈ చెయ్యి చాపానే టీవీ వైపు. నువ్వు చూడలేదులే." ఆకు పక్కన పెట్టి, నడుముకి కట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుంది. "అందుకే రమ్మన్నాను. వాడి కోసం కాదు, నాకు చూడటం చేతకాక." నా ఫోన్ వైపు చెయ్యి చూపించింది. "చెయ్ ఫోన్. అత్త ఉండమంది అని చెప్పు. కాదు, ఇటివ్వు, నేనే చెప్తా."

కలిపి ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని విని, నా వైపు చూసింది. "ఎవరో అమ్మాయి మాట్లాడుతోంది."

"స్విచ్ ఆఫ్ అని చెప్తోందత్తా. ఎక్కేశాడు."

నా సందేశాలకి ఒక్కటే టిక్కు పడింది. విమానంలో ఇంటర్నెట్ ఉంటుంది. డబ్బులు పెట్టి కొనుక్కునే రకం కాదు మా వాడు. వాడు ఇక్కడ దిగేసరికి అక్కడ పొద్దున ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

విమానాలు చూపించే యాప్ తెరిచాను. ఇంకేం చేయాలో తోచక తెరిచాను. అమెరికా తీరం దాటి, సముద్రం మీదికి ఇప్పుడిప్పుడే వచ్చిన చిన్న పసుపు విమానం.

"ఇదేనా?" అత్త కళ్ళజోడు పెట్టుకుంది. "ఇంకా దగ్గర్లోనే ఉందిగా. వెనక్కి తిప్పమని చెప్పలేమా?"

"ఎవరికి చెప్తాం?"

"నడిపేవాడికి."

ఎవరూ నవ్వలేదు. అత్త ఇంకా కొబ్బరిపాల జిడ్డు వదలని వేలు విమానం మీద పెట్టి, దాన్ని తీరం వైపు లాగింది. తెర మొత్తం జరిగిపోయి, నీలం ఒక్కటే మిగిలింది.

"ఏదే? ఎటు పోయింది?"

"ఉందత్తా," అన్నాను. "వస్తూనే ఉంది."