అక్క నోటి ఉప్పు

మధ్యాహ్నం అక్క కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి అన్నానికి లేచిందంటే, కింద కొట్లో తమ్ముడికి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయేది. ఆమె పై అంతస్తులో బట్టలు కుట్టేది. అతను కింద తాళాలు బాగుచేసేవాడు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకోగానే దాని రుచి అతని నాలుక మీదికి దిగేది. చిన్నప్పటినుంచీ అంతే. ఆమె ఇంట్లో నిమ్మకాయ చప్పరిస్తే అతను బళ్లో మొహం చిట్లించేవాడు. "మీ అక్క ఏదో తింటున్నట్టుంది, సరే రాసుకో" అనేవారు మాస్టారు. ఇటునుంచి అటు మాత్రం ఏమీ వెళ్లేది కాదు.

"ఇచ్చేది నేను, పుచ్చుకునేది వాడు. మొదట్నుంచీ ఇదే వరస" అనేది అక్క.

ఇద్దరికీ మాటల్లేవు. తమ్ముడి పెళ్లికి అక్క చొక్కా కుట్టింది. కాలరు నచ్చక విప్పి మళ్లీ కుట్టింది, కాజాలన్నీ చేత్తోనే తీసింది. తీరా పెళ్లినాడు అతను బజార్లో కొన్న చొక్కా వేసుకొచ్చాడు. పోనీ అదైనా కుదిరిందా అంటే, భుజాల దగ్గర ముడతలు. అలాంటి చొక్కా వేసుకున్నవాడితో ఎవరైనా ఏం మాట్లాడతారు? అతని కూతురికి కూడా పెళ్లయి వెళ్లిపోయింది గానీ అక్క నోరు విప్పలేదు. కోపం వచ్చిన రోజున మాత్రం పచ్చి కాకరకాయ ముక్క నమిలేది. కింద తమ్ముడు తాళంచెవి అరగదీస్తున్న ఆకురాయి పక్కన పెట్టి, నీళ్లు పుక్కిలించి, "ఇవాళ దేనికో!" అనుకునేవాడు.

అలా బాగానే జరిగిపోతుండగా తమ్ముడి పాదాలు వాచాయి. చెప్పులు పట్టలేదు. డాక్టరు పరీక్షలన్నీ చూసి చెప్పాడు.

"కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నాయి. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకుందాం. మందులు నేనిస్తాను. కంచం మీరు చూసుకోవాలి. లేదంటే డయాలసిస్ తప్పదు."

ఉప్పు బాగా తగ్గించమన్నారు. అరటిపండు, కొబ్బరినీళ్లు వద్దన్నారు. గుడ్డుకీ పప్పుకీ కొలత పెట్టారు. అతని భార్య కూరగాయలు చిన్న ముక్కలుగా తరిగి, బోలెడు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు కూర చేసేది. పొటాషియం ఆ నీళ్లతో పోతుందట. రుచి కూడా దానితోనే పోయేది.

'పోనీలే, అక్క ఉందిగా' అనుకున్నాడు తమ్ముడు. పై కంచం కోసం ఎదురుచూశాడు. అక్కడినుంచీ చప్పిడే దిగింది. మర్నాడూ చప్పిడే. వారం గడిచినా అంతే.

"చూశావా? నేను ఉప్పు మానేశానని తెలిసి తనూ మానేసింది! ఇంత పగ ఎక్కడైనా ఉంటుందా?"

"ఊరుకోండి, ఆవిడ తిండి ఆవిడిష్టం" అంది భార్య.

ఊరుకుంటే బాగుండేది. అతను బజారుకెళ్లి 'సోడియం తక్కువ ఉప్పు' అని ఒక పొట్లం కొన్నాడు. పొట్లం మీద గుండె బొమ్మ కూడా ఉంది. ఇంకేం, మంచిదే కదా అని పాత తాళాల పెట్టెలో దాచి, కొట్లో తెప్పించుకున్న అన్నం మీద ధారాళంగా చల్లుకున్నాడు. సోడియం బదులు అందులో వేసింది పొటాషియమే. భార్య నీళ్లలో పారబోస్తున్నదంతా మొగుడు పొట్లంలో కొనుక్కుని తిన్నాడన్నమాట. ఒక ఉదయం కొట్టు తెరవబోతే కాళ్లు లేవలేదు. గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. ఆసుపత్రిలో గట్టెక్కించి, భార్య తాళాల పెట్టెలో వెతికి తెచ్చిన పొట్లం ఎత్తి చూపించి మరీ తిట్టాడు డాక్టరు.

"ఇంకోసారి ఇది తింటే డయాలసిస్ దాకా కూడా రారు మీరు!"

ఆ సాయంత్రం భార్య మెట్లెక్కి పైకి వెళ్లింది.

"వదినా, మీ పంతానికి ఆయన ప్రాణం పోయేది."

అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"పంతమేంటే అమ్మాయ్? నేను తిన్నది వాడికి దిగుతుంది కదా. మరి నేను ఉప్పు తింటే వాడి కిడ్నీలకేగా చేటు? నాకేమన్నా సరదానా ఈ గడ్డి?"

భార్య నవ్వాపుకోలేక మెట్లమీదే కూలబడింది.

"నవ్వకు. ముందు తేల్చండి, దిగేది రుచా, ఉప్పా?" అంది అక్క.

తేల్చడానికి ముగ్గురూ ఆసుపత్రిలో డైటీషియన్ దగ్గరికి వెళ్లారు. అక్క తమ్ముడికి దూరంగా కుర్చీ లాక్కుని కూర్చుంది. డైటీషియన్ ముందు అక్క బీపీ చూసింది.

"మీకు బాగానే ఉందండీ."

"ఉండకేం? వాడికన్నా పెద్దదాన్ని, వాడికన్నా గట్టిదాన్ని."

"అయితే రేపు మీరు మామూలుగా ఉప్పు వేసుకుని తినండి. ఆయన చప్పిడే తినాలి. ఆయన మూత్రం పరీక్ష చేద్దాం. మీ ఉప్పు దిగుతుంటే అందులో కనబడిపోతుంది."

పరీక్షలో అక్క ఉప్పు రవ్వంత కూడా కనబడలేదు. దిగేది రుచేనని తేలింది.

"ఇక మీరు హాయిగా తినొచ్చండీ" అంది డైటీషియన్.

"ముందే చెబితే ఇన్నాళ్లు గడ్డి తినేదాన్ని కాదుగా!" అని అక్క ఆ పిల్ల మీద కూడా కోపం పెట్టుకుంది.

ఆ రోజునుంచి అక్క అన్నానికి కూర్చునేముందు నేల మీద కాలితో తట్టేది. కింద తమ్ముడు కంచం ముందుకు లాక్కునేవాడు. ఉడికించి వార్చిన ముక్కలు అతని నోట్లో వేయించిన గుడ్డయ్యేవి, కరకరలాడే దుంపలయ్యేవి. కొలిచిపెట్టిన అన్నం కొలిచినట్టే ఖాళీ అయ్యేది. చెప్పులు మళ్లీ కాలికి పట్టాయి. ఏడాది తిరిగాక డాక్టరు కొత్త రిపోర్టు పాతదాని పక్కన పెట్టి చూసి, "ఉన్నచోటే ఉన్నాయి. ఇలాగే ఉంటే డయాలసిస్ మాట ఇప్పట్లో ఎత్తక్కర్లేదు" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పైన కాలితో తట్టిన చప్పుడు వినబడింది. తమ్ముడు తినసాగాడు. సగంలో రుచి ఆగిపోయింది. అతనికి ఒళ్లు మండింది. మెట్ల దగ్గరికొచ్చి గొంతెత్తాడు.

"అక్కా! ఏంటా తొందర? నేను సగం తినకముందే నీది అయిపోతోంది. కాస్త మెల్లగా తినలేవా?"

పెళ్లి తర్వాత అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది.

"అమ్మాయ్," అంది అక్క, మరదలు వింటోందో లేదో కూడా చూసుకోకుండా, "వాడికి చెప్పు. నేను నా ఆకలికి తింటున్నాను, వాడి కోసం కాదు."

చెప్పి, గిన్నెలోంచి ఇంకో గరిటె వడ్డించుకుంది. ముద్ద బుగ్గన పెట్టుకుని, కింద కంచం మీద చెంచా చప్పుడు ఆగేదాకా నములుతూనే ఉంది.