వియ్యంకుడి జుట్టు, డాక్టరు లెక్క

బట్టతల మీద జుట్టు మొలిపించిన మొనగాణ్ని నేను. నవ్వకండి. దర్జీ పని మానేశాక ఊరికే కూర్చోలేక, పెరట్లో పొయ్యి పెట్టి, ఆకులూ వేర్లూ మరిగించి ఒక నూనె కనిపెట్టాను. ఓసారి చుక్క జారి బట్టలుతికే బండ మీద పడితే, తెల్లారేసరికి బండకి క్షవరం చేయించాల్సి వచ్చింది.

బండ సంగతి నమ్మకపోయినా మా వియ్యంకుణ్ని చూసి నమ్మక తప్పదు. మా అమ్మాయిని వాళ్లబ్బాయికిచ్చి చేసేనాటికి ఆయన నెత్తి అద్దంలా మెరిసేది. పెళ్లైన మర్నాడే ఆయన చేతిలో ఒక సీసా పెట్టాను. రెండేళ్లు తిరిగేసరికి ఆ నెత్తి మీద పాపిడి తీసుకునేంత జుట్టు! ఇక నూనె కోసం ఎవరొచ్చినా, "మా బావగారి తల చూసి రండి, తర్వాత మాట్లాడుకుందాం" అని పంపేవాణ్ని. పాపం ఆయన కూడా వచ్చినవాళ్లందరికీ ఓపిగ్గా వంగి తల చూపించేవాడు.

అలా ఉండగా ఆయన అన్నగారు ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయారు. ఎముకల్లోకి పాకేదాకా ఎవరికీ తెలియలేదు. అన్నకి వచ్చింది తమ్ముడికీ రావచ్చు, ముందే చూపించుకోండి అన్నారు డాక్టర్లు. మా వియ్యంకుడు పెద్దాసుపత్రిలో పరీక్షకి రక్తమిచ్చాడు, స్కానింగూ చేయించుకున్నాడు. ఫలితాలు వినే రోజున మాత్రం, "బావగారూ, మీరు పక్కనుంటే ధైర్యం" అని నన్ను లాక్కుపోయాడు. ఆయన, వాళ్లావిడ, నేను, ముగ్గురం డాక్టరు గదిలో కూర్చున్నాం.

చిన్న గది. బరువు తూచే యంత్రం, కాగితం పరిచిన బల్ల, డాక్టరు ముందు కంప్యూటరు, దాని పక్కన ప్లాస్టిక్‌తో చేసిన ప్రోస్టేట్ గ్రంథి బొమ్మ ఒకటి. నేనది కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే బరువనుకుని చేతిలో తిప్పుతుంటే చెల్లెమ్మ, అంటే వియ్యపురాలు, లాక్కుని తిరిగి పెట్టేసింది. డాక్టరుది నున్నటి బట్టతల. నా చెయ్యి దానంతటదే జేబులో ఉన్న నూనె సీసా మీదికి పోయింది.

"పి.ఎస్.ఏ. రెండున్నర. పరవాలేదు" అన్నాడు డాక్టరు.

పరీక్ష పాసైన పిల్లాడిలా మావాడు ఛాతీ విరుచుకున్నాడు.

"ఆగండి పెద్దాయనా. ఈ ఒక్క అంకె పట్టుకుని మేం తీర్పు చెప్పం. పి.ఎస్.ఏ. అంటే ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చే పదార్థం. అది రక్తంలో కొంత విడిగా తిరుగుతుంది, కొంత వేరేవాటికి అంటుకుని ఉంటుంది. మీకు విడిగా తిరిగేది తక్కువగా ఉంది, అది నాకు నచ్చలేదు. రక్తంలో జబ్బు జాడ చెప్పే ఇంకో బయోమార్కరు కూడా కాస్త పైకే ఉంది. వీటికి మీ వయసు, గ్రంథి సైజు, మీ అన్నగారి జబ్బు కలిపి కంప్యూటర్లో వేస్తే, క్యాన్సర్ ఉండే ప్రమాదం నూటికి ఎంతో చెప్తుంది."

ఇది నా బుర్రకి ఇట్టే ఎక్కింది. ఛాతీ ఒక్కటే కొలిచి చొక్కా కుట్టమంటే ఎవడు కుడతాడు? భుజం కావాలి, మెడ కావాలి, చెయ్యి కావాలి.

"మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండి."

"బీపీకి? నిద్రకి? జుట్టుకి?"

మావాడు ఓరగా నా వంక చూశాడు. "జుట్టుకా... మా బావగారి నూనె రాస్తానండి."

ఇంకేం కావాలి నాకు? సీసా తీసి బల్ల మీద పెట్టాను. బండ కథ కూడా ఎత్తుకున్నాను. డాక్టరు మూత తీసి వాసన చూసి రెండుసార్లు తుమ్మాడు.

"దీనివల్ల నా లెక్కేం మారదు" అంటూ కంప్యూటర్లో టకటకా కొట్టాడు. "నూటికి ఎనిమిది. ఇప్పటికి గ్రంథిలోంచి ముక్క తీసి పరీక్ష చెయ్యక్కర్లేదు. ఏడాదయ్యాక రండి."

మేమిద్దరం లేచాం. చెల్లెమ్మ లేవలేదు.

"కూర్చోండి" అంది మొగుడితో. "ఆ మాత్ర సంగతి చెప్పండి."

"ఏ మాత్ర?"

"రోజూ తలుపేసుకుని మింగుతారే, అది."

"అదా... అది బలానికి..."

"బలానికా! మింగి, అద్దం ముందు నిలబడి దువ్వుకునేది బలానికా?"

మావాడు ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. "బావగారి ముందు ఎందుకే..."

"ఈ అన్నయ్యగారేమీ అనుకోరు. అనుకుంటే అనుకోనివ్వండి! మీ అన్నగారు మంచం మీద ఎలా మూలిగారో నేను మర్చిపోలేదు." సంచిలోంచి మాత్రల అట్ట తీసి డాక్టరు చేతికిచ్చింది.

డాక్టరు దాన్ని తిప్పి చూశాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"మూడున్నరేళ్లండి. జుట్టు డాక్టరు రాశాడు" అన్నాడు మావాడు, నేల చూపులు చూస్తూ. "పెళ్లైన మర్నాడే అంత ప్రేమగా సీసా ఇచ్చారు. పని చెయ్యట్లేదంటే పిల్లనిచ్చినవారు నొచ్చుకుంటారని ఊరుకున్నా. ఈలోగా మాత్రకి జుట్టొచ్చేసింది. ఆయన ఊరందరికీ చెప్పేసుకున్నారు. ఇక నేనెలా చెప్పను?"

"ఈ మాత్ర పి.ఎస్.ఏ.ని దాదాపు సగానికి దించేస్తుంది. మీది రెండున్నర కాదు, ఐదు లెక్కన చూడాలి." డాక్టరు మళ్లీ కొట్టాడు. "నూటికి ఇరవై ఏడు."

సాగిపోయిన టేపుతో కొలిచి, నడుము సన్నబడిందని మురిసిపోయినట్టయింది మా పని. నేను గిర్రున ఆయన వైపు తిరిగాను. పెళ్లినాటి నుంచి ఉన్న నాలుగేళ్ల 'గారు' ఎక్కడ జారిపోయిందో తెలీదు.

"బావా! నా నూనె పరువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

"మరి మీరేమో జనాన్నంతా నా తల చూడమని పంపిస్తుంటే..."

"తల చూపించమన్నాను గానీ తాకట్టు పెట్టమన్నానా?"

"ఇదిగో, క్యాన్సర్ ఉందని నేననట్లేదు" అని డాక్టరు అడ్డొచ్చాడు. "వెతికి చూడాల్సినంత అనుమానం ఉందంటున్నా, అంతే."

వెతికారు. ఉంది. చిన్నది, గ్రంథి దాటి బయటికి రాలేదు. ఆపరేషన్ చేసి తీసేశారు. అన్నగారికి దొరకని వ్యవధి తమ్ముడికి దొరికింది. ఏడాది ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు.

మాత్ర మానేశాడు. జుట్టు వచ్చిన దారి పట్టింది. నేను మొలిపించింది ఒక్క వెంట్రుక కూడా కాదని తేలిపోయింది. అయినా ఆపరేషనయ్యాక ఆయన్ని చూడబోతూ, అలవాటు కొద్దీ ఒక సీసా పట్టుకెళ్లాను.

"బావా, ఏమీ అనుకోకు" అన్నాడాయన, మంచం మీద సర్దుకుంటూ. "దీనిది చచ్చిన ఎలుక కంపు. నాలుగేళ్లు ముక్కు మూసుకుని రాసుకున్నా."

"నేనైతే వేరే గదిలో పడుకునేదాన్ని అన్నయ్యగారూ!" అంది చెల్లెమ్మ వంటింట్లోంచి.

వియ్యంకులమయ్యాక ఆయన నాతో అన్న మొట్టమొదటి నిజం అది. ఇద్దరం కుట్లు నొప్పెట్టేలా నవ్వాం, అంటే ఆయనకి కుట్లు, నాకు పొట్ట. ఆ నూనె వాళ్ల గేటు బందులకి పోశాం. కిర్రుమనడం మానేసింది. అంచేత పని చెయ్యదని మాత్రం అనకండి.

ఇందులో కల్పన ఏమైనా ఉందా అని మీరడక్కముందే చెప్పేస్తాను. డాక్టరుది బట్టతల కాదు. ఒత్తయిన జుట్టు, నల్లగా నిగనిగలాడుతోంది. అలాంటి మనిషి ముందు నూనె సీసా తీశానంటే మీరు నన్ను పిచ్చివాడంటారని, ఆయన తల నేనే గొరిగేశాను.