ఇరవై ఏడో సీను

ఇరవై ఏడో సీను పోయిన రోజు పొద్దున రోవెనా గిన్నెలు తోముతోంది. గట్టు మీది ఫోను మోగితే తడి చేత్తోనే తెరిచింది. ఆమె రాసే సీరియల్ ఆఫీసు నుంచి పసుపు పేజీలు వచ్చాయి. స్క్రిప్టు మారినప్పుడల్లా కాగితం రంగు మారుతుంది. ఈ వారంలో తెలుపు, నీలం, గులాబీ అయిపోయి పసుపుకు వచ్చారు. సీన్లకు ఒకసారి అంకెలు వేశాక మాత్రం వాటిని మార్చరు. లైట్లవాళ్ళూ బట్టలవాళ్ళూ అందరూ ఆ అంకెల మీదే పని చేస్తారు. సీను పోయినా అంకె ఉండిపోతుంది.

27. తొలగించబడినది.

భర్త కర్టిస్ ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో కష్టాలన్నీ రాస్తావు. మనింట్లో పాలు అయిపోయిన సంగతి మాత్రం నీకు పట్టదు," అన్నాడు నవ్వుతూ. పెళ్ళయిన పదకొండేళ్ళుగా ఆ నవ్వుకు తాను కూడా నవ్వాలని ఆమెకు తెలుసు. ఇవాళ నవ్వు రాలేదు.

బర్బ్యాంక్‌లోని ఆఫీసుకు కారు నడుపుతున్నంతసేపూ ఆ సీనునే తలుచుకుంది. ఆ సీనులో ఏముందని? పగలు నర్సుగా పనిచేస్తూ, మిగతా వేళల్లో ముసుగు వేసుకుని ఆకాశంలో తిరిగే కథానాయిక వెరా, తన తల్లి ఇంటికి వస్తుంది. తల్లి బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, "వచ్చావా? ముందు చేతులు కడుక్కో," అంటుంది. అది రోవెనా అమ్మ మాట. రచయితల గదిలోకి వెళ్ళేముందు ఫోన్లు బుట్టలో వెయ్యాలని సీరియల్‌కు పెద్ద అయిన హాల్ పెట్టిన నియమం. నెల కిందట అమ్మ తన ఊరు ఫ్రెస్నో నుంచి చేసిన ఫోను ఆ బుట్టలోనే మోగి ఆగిపోయింది. భోజనాల వేళకు రోవెనా చూసుకునేసరికి అమ్మ ఇక లేదు. ఆ మాట ఇంకెక్కడా మిగలదని ఆ సీనులో దాచుకుంది.

"ఎపిసోడు రెండు నిమిషాలు ఎక్కువొచ్చింది తల్లీ," అన్నాడు హాల్. "ఏం చెయ్యను? వంతెన పోరాటం తీసెయ్యలేం కదా."

"ఆవిడ దుంపలు చెక్కుతూ కూర్చుంటే జనం చానల్ మార్చేస్తారు," అన్నాడు డీన్. పోరాటాలు రాసేది అతను. కన్నీళ్ళ ఖాతా రోవెనాదని మొదటిరోజే పంచేశారు. నాలుగేళ్ళుగా ఆమె అదే రాస్తోంది. గదిలో కాఫీ అయిపోతే అందరూ ఆమె వైపే చూస్తారు.

"వంతెన మీంచి వేలాడే బస్సులో ఎవరున్నారు?" అని అడిగింది.

"జనం."

"ఏ జనం?"

"జనమంటే జనమే! పేర్లు కూడా పెట్టాలా?"

"ఎవరికోసమో తెలియకుండా ఎగిరితే అది షూటింగు తీగకు కట్టుకుని వేలాడటమే, డీన్." హాల్ వైపు తిరిగింది. "ఆ వంతెన సీను, ఇరవై ఎనిమిది, నాకివ్వండి."

"పోట్లాటా? నువ్వా?" డీన్ నవ్వాడు. హాల్ నవ్వలేదు. "భోజనాల వేళకల్లా కావాలి. ఒక్క సెకను పెరగకూడదు," అన్నాడు.

ఫోను బుట్టలో వెయ్యకుండా పక్కన పెట్టుకుని కూర్చుంది. బుట్ట వైపు చూసిన హాల్ తన కాగితాల మీదికి తల వంచాడు. సీనులో వెరా తల్లిని ఒళ్ళో దుంపల సంచీతో బస్సు కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ముసుగు మనిషి బస్సును పట్టుకుని వంతెన మీదికి లాగుతుంది. కిటికీ అంచును పట్టుకున్న ఆ వేళ్ళను తల్లి చూస్తుంది, ఎవరివో తెలుస్తుంది. పేరు పెట్టి పిలవదు. "ఆ చేతులేమిటే అట్లా ఉన్నాయి? ఇంటికొచ్చి ముందు కడుక్కో," అంటుంది.

హాల్ రెండుసార్లు చదివాడు. "నిడివి సరిపోయింది," అని అచ్చుకు పంపాడు.

కర్టిస్ నుంచి సందేశం వచ్చింది: వచ్చేటప్పుడు పాలు. "నువ్వు తెచ్చుకో," అని పంపి, ఫోను బోర్లా పెట్టింది.

సాయంత్రం ఆకుపచ్చ పేజీలు వచ్చాయి. ఇరవై ఎనిమిదిలో అమ్మ మాట ఉంది. దానికి పైన తొలగించిన ఇరవై ఏడు అంకె, దాని కింద ఖాళీ. తల్లికి కూతురు చెప్పవలసిన బదులు రోవెనా ఇంకా రాయలేదు.