సున్నా మీద టేపు

వాహనాల తనిఖీ కేంద్రంలో మూడో వరుస దీపాలాయనది. బండి ముందు లైట్ల వెలుగు ఎక్కడ పడుతోంది, ఎదుటివాడి కళ్ళలోకి పోతోందా అని చూసి, బాగుంటే పాస్ చెయ్యడం, లేకపోతే వెనక్కి పంపడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని చేస్తున్నాడు కాబట్టి, అందరికీ దీపాలాయనే, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

పని మంచిదే. దాన్ని ఆయన ఇంటికీ వీధికీ మోసుకు తిరగడమే చిక్కు. ఎవరైనా భోజనానికి పిలిస్తే, చెప్పులు విప్పకముందే వాళ్ళ కారు ముందు గొంతుక్కూర్చునేవాడు. "కుడిది అరంగుళం పైకి చూస్తోందండీ" అనేవాడు. రెండోసారి పిలిచినవాళ్ళు తక్కువ.

ఇక సొంత కారు సంగతి చెప్పనే అక్కర్లేదు. వెనక బరువు వేస్తే కారు ముందు భాగం లేస్తుంది, దాంతోపాటు లైట్లూ లేస్తాయి. అప్పుడు దించుకోడానికి స్టీరింగు పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది, సున్నా నుంచి మూడు దాకా. పరీక్షకి వచ్చే బండిలో బరువుండదు కాబట్టి చక్రం సున్నా మీద ఉండాలని నియమం. జనం తోచినట్టు తిప్పేసుకుని వస్తారు. "సున్నాకి తెండి బాబూ, సున్నాకి!" అని రోజుకి నలభైసార్లు అరిచీ అరిచీ, ఆయనకి సున్నా మీద భక్తి కుదిరిపోయింది. కారు తుడుస్తూ భార్య ఎక్కడ కదిపేస్తుందోనని, తన కారులో చక్రాన్ని సున్నా దగ్గర పెట్టి నల్ల టేపు అంటించాడు. ఒక పొర చాలదనిపించి ఇంకో పొర కూడా వేశాడు.

ఆయన వదిన టౌను బస్సు నడుపుతుంది. పదహారేళ్ళుగా బస్సుకి గీత పడనివ్వని మనిషి, సోమవారం సాయంత్రం వానలో వంతెన మలుపు దగ్గర ఎడమ పక్కంతా రెయిలింగుకి రాసేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ గురువారం డిపోలో విచారణ పెట్టారు. తప్పు ఆమెదని తేలితే స్టీరింగు తీసేసుకుని టికెట్ల కౌంటర్లో కూర్చోబెడతారు.

మంగళవారం ఆమె మరిది ఇంటికొచ్చింది.

"ఎదురుగా ఏదో కారు. లైట్లు సూటిగా కళ్ళలో కొట్టాయి, ఇంకేమీ కనపడలేదయ్యా. ఆ మాట చెబితే మా మేనేజరు, అందరూ చెప్పేదేగా అంటున్నాడు. నువ్వొచ్చి చెబితే వింటారు."

దీపాలాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "నాకొదిలెయ్యండి వదినా. ఆ కారువాణ్ణి కాగితం మీద ఉతికి ఆరేస్తాను."

అన్నంత పనీ చేశాడు. గొడుగు పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్ళి, కొలతలు తీసి, రంగు పెన్సిళ్ళతో బొమ్మ గీసి, మూడు పేజీల నివేదిక రాశాడు. "సదరు కారు వెనక భాగంలో సుమారు రెండు వందల కిలోల బరువు ఉండి ఉండవలెను. చక్రం తిప్పి లైట్లు దించుకోవాలన్న ఇంగితం యజమానికి లేకపోయినది. ఇటువంటివారికి లైసెన్సు ఎవరిచ్చారో కూడా విచారించవలెను." ఆ చివరి వాక్యం ఆయనకి ఎంత నచ్చిందంటే, భార్యకి రెండుసార్లు చదివి వినిపించాడు.

బుధవారం సాయంత్రం వదిన తన వాంగ్మూలం నకలు పంపింది. నివేదికకి జత చేద్దామని దీపాలాయన పైకి చదవడం మొదలుపెట్టాడు.

"లైట్లు దించమని రెండుసార్లు లైటు కొట్టి సైగ చేశాను. ఆ కారు దించకపోగా, తిరిగి నా మీదికే పెద్ద లైటు వేసింది."

గిన్నెలు తుడుస్తున్న భార్య చెయ్యి ఆగిపోయింది. "ఏమండీ, సోమవారం మీరొస్తూనే ఏమన్నారు?"

ఏమన్నాడో ఆయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "ఎవడో బస్సువాడు నాకు సైగ చేస్తాడే! నా లైట్లకి! నేనూ పెద్ద లైటేసి బుద్ధి చెప్పాను" అన్నాడు. స్నానాల గది పలకలు తెచ్చారా అని ఆమె అడిగితే, కారు వెనకే ఉన్నాయి, వాన తగ్గాక దింపుదాం అన్నాడు. పన్నెండు పెట్టెలు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

దీపాలాయన బయటికి వెళ్ళాడు. కారుని గోడకి ఎదురుగా పెట్టి, సుద్దతో గీత గీసి, లైట్లు వేశాడు. వెలుగు గీతకి ఎంత పైన పడిందంటే, కొలవడానికి టేపు కూడా అక్కర్లేకపోయింది. అయినా కొలిచాడు. అలవాటు కొద్దీ జేబులోంచి తనిఖీ కాగితం తీసి నింపాడు కూడా. ఫలితం: ఫెయిల్. కారణం: యజమాని.

తప్పు వాన మీదికి తోసేయొచ్చు. మలుపు మీదికి తోసేయొచ్చు. తెలిసింది భార్యకొక్కదానికే, ఆమె ఎవరికీ చెప్పదు. కానీ కౌంటర్లో చిల్లర లెక్కపెడుతున్న వదిన ఆయన కళ్ళ ముందు మెదిలింది. నివేదికలో ఒక్క ముక్క కూడా కొట్టెయ్యలేదు.

గురువారం విచారణలో మూడు పేజీలూ నిలబడి చదివాడు. లైసెన్సు వాక్యాన్ని మాత్రం గబగబా చదివేశాడు.

"ఇంతకీ ఆ కారు ఎవరిదో తెలిసిందా?" అని అడిగాడు విచారణాధికారి.

"నాదేనండీ."

డిపో మేనేజరు ఫక్కున నవ్వాడు. "బాగుంది సార్! మా బావమరిది కారుని లైట్ల కోసం మూడుసార్లు వెనక్కి పంపిన మనిషి ఈయన. ఈయన లైట్లు తప్పు పడ్డాయంటే పిల్లలు కూడా నమ్మరు. వదిన కోసం చెబుతున్నాడంతే."

ఇరవై రెండేళ్ళు కూడబెట్టుకున్న మంచిపేరు ఇలా పీకల మీదికి వస్తుందని దీపాలాయన కలలో కూడా అనుకోలేదు. "అయ్యా, నేను మూర్ఖుణ్ణని రుజువు చేసుకోడానికి పది నిమిషాలు ఇప్పించండి" అని బతిమాలాడు.

ఇచ్చారు. మరమ్మతుల షెడ్డులో చక్రం మీద టేపు వేసిన సంగతి అందరికీ చెప్పి, విచారణాధికారిని బస్సు డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, పలకల పెట్టెలతో సహా తన కారుని వంతెన మీద ఉన్నట్టే ఎదురుగా వాలు మీదికి ఎక్కించి లైట్లు వేశాడు. ఆ పైన, సోమవారం వేసినట్టే, పెద్ద లైటు కూడా వేశాడు.

"ఆపవయ్యా బాబూ!" అని అధికారి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

వదిన తప్పేమీ లేదని అక్కడే రాసిచ్చారు. దీపాలాయన గురించి తనిఖీ కేంద్రానికి వేరే ఉత్తరం రాస్తామన్నారు. "రాయండి" అన్నాడాయన.

బయట బస్సు పక్కన వదిన నిలబడి ఉంది. ఆయన దారంతా కూడబలుక్కున్న క్షమాపణ మొదలుపెట్టబోయాడు. ఆమే ముందు మాట్లాడింది.

"మంగళవారం పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను. కళ్ళు బానే ఉన్నాయన్నాడు. అయితే కునుకు పట్టిందేమో, లైట్ల సంగతి నేనే ఊహించుకున్నానేమో అనుకున్నా. నలభైమందిని వెనక కూర్చోబెట్టుకుని కునుకు తీశానేమోనని మూడు రాత్రులు నిద్రపోలేదయ్యా."

"చక్రానికి టేపు వేశాను వదినా, అది..."

"టేపు సంగతి విన్నాను. నేను సైగ చేశాక పెద్ద లైటు ఎందుకేశావు?"

దీపాలాయన తల వంచుకున్నాడు. "నా లైట్లకి వంక పెట్టారని కోపమొచ్చింది."

"అంతేనా?"

"అంతే వదినా."

ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆయనకి. తిట్టలేదు. బస్సెక్కి, అద్దం సరిచేసుకుని, ఇంజన్ వేసింది.

"పక్కకి జరుగు. జనం ఎదురుచూస్తుంటారు."

ఆయన జరిగాడు.