ఎత్తేవాళ్ళు లేని బస్తా

స్టార్ ఆఫ్ ది వీక్ వీరేశం డెబ్బై కిలోల వడ్లబస్తా కింద బోర్లా పడి ఉన్నాడు. మిర్యాలగూడ శివారులోని ఆ రైసుమిల్లు గోడ మీద, సరిగ్గా అతని తలకు పైన, అదే వీరేశం రంగు ఫొటోలో నవ్వుతున్నాడు. ఫొటో చుట్టూ చిన్న చిన్న కరెంటు బుగ్గలు వెలిగి ఆరుతున్నాయి. మిల్లు యజమాని ప్రభాకర్ సారు ఏసీ గది తలుపు సందులోంచి తొంగిచూసి, "బస్తా పగిలిందా?" అని అడిగాడు. పగల్లేదని తెలిశాక తలుపేసుకున్నాడు. మనిషి నడుము సంగతి అడగనేలేదు.

కావ్య అక్కడే నిలబడి ఇదంతా చూసింది. ఆమె ఎంబీఏ రెండో ఏడు, హెచ్చార్. కోదాడ రోడ్డు మీదున్న ఆమె కాలేజీకీ ప్రభాకర్ సారే చైర్మన్. ఒక మరలో వడ్లు, ఇంకో మరలో పిల్లలు. తవుడూ ఆయనకే, నూకలూ ఆయనకే.

కావ్యది గరిడేపల్లి దగ్గర తండా. ఆమె బాపు హరిలాల్ ఇదే మిల్లులో హమాలీ. ఆ తండా నుంచి పీజీ దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ప్రాజెక్టు సర్టిఫికెట్ మీద ప్రభాకర్ సారు సంతకం పడితేనే ఆ పీజీ. పడకపోతే రెండేళ్ళ చదువు గంగలో కలిసినట్టే.

ఇంతకీ ఆ ఫొటో, ఆ బుగ్గలు, ఆ స్టారూ కావ్య ప్రాజెక్టే. పనివాళ్ళ మధ్య పోటీ పెడితే హుషారు పెరుగుతుందని క్లాసులో చెప్పారు, ఆమె నమ్మి రాసింది. హెచ్చోడీ మహేశ్వర్ సార్ చదవకుండానే భేష్ అన్నాడు. ప్రభాకర్ సారు చదవకుండానే అమలుచేసి, మోసిన బస్తాలే పని లెక్క అని గోడ మీద రాయించాడు. వారంలో ఎవడు ఎక్కువ బస్తాలు మోస్తే వాడి ఫొటో గోడెక్కుతుంది. అందరికన్నా వెనకబడ్డవాడికి మరుసటి వారం పని ఉండదు. ఈ రెండో ముక్క మాత్రం కావ్య రాయలేదు, అది ప్రభాకర్ సారు సొంత తెలివి. మనిషిని వనరు అని పిలవడం నేర్చుకున్నాక తవ్వుకోవడానికి సిగ్గెందుకుంటుంది?

హమాలీ పని తెలియని మహానుభావుల కోసం ఇక్కడొక మాట చెప్పాలి. ఎవడి వీపు మీదికి వాడు బస్తా ఎత్తుకోలేడు. ఇద్దరు చెరో వైపు పట్టి ఎత్తాలి, మూడోవాడు వంగి వీపు పెట్టాలి. మోసి వచ్చినవాడు మళ్ళీ ఇంకొకరికి ఎత్తాలి. తాతల నాటి నుంచీ పని ఇట్లాగే నడుస్తోంది. పోటీ వచ్చాక పక్కవాడికి ఎత్తితే తన మోత తగ్గుతుంది, మోత తగ్గితే పని పోతుంది. అందుకని ఎవడికి వాడు మొహం చాటేశాడు. ఎత్తే దిక్కులేక వీరేశం ఒంటరిగా బస్తాను మోకాలికి ఆనించి లేపబోయాడు. నడుము పటుక్కుమంది.

సూర్యాపేట దవాఖానలో వీరేశం మంచం పక్కన అతని తల్లి లక్ష్మీనర్సమ్మ కూర్చుని ఉంది. ఆమె అదే మిల్లులో కిందపడ్డ గింజలు ఊడ్చే మనిషి. కావ్య లోపలికి రాగానే లేచి నిలబడింది.

"వచ్చినవా తల్లీ! ఫొటో తీస్కపో. నడుమిరిగినోడి ఫొటో గూడ గోడకు పెట్టుకుంటరేమో!"

కావ్య సిగ్గుతో చచ్చిపోయింది.

బయట దవాఖాన గేటు దగ్గర చాయ్ బండి చుట్టూ హమాలీలు చేరారు. మిల్లు నుంచి అప్పుడే కబురొచ్చింది. వీరేశం తప్పుడు పద్ధతిలో ఎత్తాడు గనక వైద్యంతో మిల్లుకు సంబంధం లేదట. ఈ వారం వెనకబడ్డవాడు కూడా వాడేనట, గనక పనిలోంచి తీసేశారట. ఆహా, ఏం న్యాయం! ఎద్దు పుండు కాకికి ముద్దు.

"సదవేస్తే ఉన్న మతి పోయినట్టు చేస్తివి గదనే!" అని హరిలాల్ బిడ్డ మీద విరుచుకుపడ్డాడు. "మా నడుమ పెట్టనీకి పోటీయే దొరికెనా నీకు? చిన్నప్పటి సంది సూస్తలేవా, మేం ఎట్ల ఎత్తుకుంటమో?"

"సూసిన బాపూ. పుస్తకంల లేకపోయేసరికి అది పని గాదనుకున్న."

"ఆ పిల్లనంటే ఏమొస్తదిర," అన్నాడు చంద్రయ్య, ముఠాలో పెద్దవాడు. "ఫొటో కోసం మనం గూడ ఎగబడితిమి. వీరేశం పిలుస్తుంటే నేనే ఇనబడనట్టు పోయిన. ఇగ సమ్మె జేద్దాం."

"సమ్మె జేస్తే గేటు మూస్తడు. యేరేటోళ్ళను దింపుతడు. పోయినసారి గట్లనే జేసిండు గదా?" అన్నాడు ఇంకో హమాలీ.

"మరి సేతులు ముడుసుకుని కూసుందామా?"

"కూసుంటే కడుపు నిండుతదా?"

మాటామాటా పెరిగింది. ఒకరి గల్లా ఒకరు పట్టుకునేదాకా వచ్చింది. కావ్య నడుమ దూరింది.

"సమ్మె ఒద్దు. పనికి పోండ్రి. గోడ మీద రాసిందే చెయ్యండ్రి. మోసుడే పని అని రాసుంది గదా? ఎత్తుడు పనే గాదు. పని గానిది ఎందుకు చేస్తరు? వంగి నిలవడండ్రి, ఎత్తేటోళ్ళను సారునే తెచ్చుకోమనండ్రి."

ముందు చంద్రయ్య నవ్వాడు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది.

"అందరం వంగాలె," అన్నాడు హరిలాల్. "ఒక్కడు ఎత్తినా ఖతం."

"ఒక్కడు గూడ ఎత్తడు," అన్నాడు చంద్రయ్య. అందరూ చెయ్యి కలిపారు.

తెల్లారి హమాలీలు వేళకే వచ్చారు. తలగుడ్డలు చుట్టుకుని నెట్టుగా పేర్చిన బస్తాల ముందు వరసగా నిలబడి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగారు. అంతే, కదల్లేదు. లారీలు గేటు దాటి రోడ్డు దాకా ఆగిపోయాయి. ప్రభాకర్ సారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందిరా ఈ వేషాలు?"

"పనికొచ్చినం సార్. మీద పెట్టియ్యి, మోస్తం," అన్నాడు చంద్రయ్య.

"ఒకడికొకడు ఎత్తుకోండి!"

"మీ గోడ మీద గట్ల లేదు సార్. స్టార్లం గావాలె గదా, ఎత్తుకుంట కూసుంటే మా మోత తగ్గుతది."

ప్రభాకర్ సారు ముందు తిట్టాడు, తర్వాత బతిమాలాడు, మళ్ళీ తిట్టాడు. వంగిన వీపులకు ముఖాలుండవు, ఎవరిని చూసి బెదిరించాలో ఆయనకు తెలియలేదు. చివరికి కాలేజీకి ఫోన్ కొట్టాడు.

ఎండ ముదిరేసరికి హుజూర్‌నగర్ మీదుగా కాలేజీ బస్సు దిగింది. టైలు కట్టుకుని, మెడలో గుర్తింపు బిళ్ళలు వేసుకుని ఎంబీఏ పిల్లలు దిగారు, వాళ్ళతో కావ్యా దిగింది. ఇండస్ట్రియల్ ఎక్స్‌పోజర్ అని తీసుకొచ్చాడు మహేశ్వర్ సార్. సిగ్గుశరం అమ్ముకున్న చదువుకు ఎంత చక్కటి పేరు!

"ఒక్కో బస్తాకి ఇద్దరిద్దరు పట్టండమ్మా," అన్నాడు, తాను మాత్రం నీడలో నిలబడి. "ఎత్తి వాళ్ళ వీపు మీద పెట్టండి. ఇంటర్నల్ మార్కులు వేస్తాను. మొదట కావ్య రావాలి, ఇది తన ప్రాజెక్టే కదా."

ప్రభాకర్ సారు జేబులోంచి కలం తీశాడు. సర్టిఫికెట్ మీద అందరి ముందే సంతకం గీకి, గాలిలో ఊపాడు.

"ఇదిగో నీ డిగ్రీ. ఒక్క బస్తా ఎత్తు, తీస్కో. ఒకటి కదిలితే మిగతావన్నీ అవే కదుల్తయ్."

ఎదురుగా బస్తా ఉంది. దాని ముందు వంగి ఉన్నది హరిలాల్. బిడ్డ కాళ్ళు గుర్తుపట్టాడు గానీ తలెత్తలేదు.

"నీ ఇష్టం బేటీ," అన్నాడు మెల్లగా. "రెండేండ్లు కష్టపడ్డవ్. నేనేమనను."

కావ్యకు ఏడుపొచ్చింది. ఆ కాగితం ఆమెకు కావాలి. ఆమెను కన్న యాడి మెడలో వెండి కూడా దానికోసమే పోయింది. బస్తా మూల మీద చెయ్యి వేసింది. దాని బరువు అరచేతికి తెలిసింది. చెయ్యి తీసేసింది. వెళ్ళి బాపు పక్కన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది.

"ఎత్తుడు నా సిలబస్‌ల లేదు సార్," అంది.

బస్సు దగ్గర గుసగుసలు లేచాయి. కావ్య స్నేహితురాలు గోపిక మెడలో బిళ్ళ తీసి బ్యాగులో వేసుకుంది. "రేపు మనల్ని గూడ గిట్లనే వంచుతరు, ఇప్పుడే వంగితే పాయె," అని వచ్చి కావ్య పక్కన వంగింది. ఆమె వెనకాల ఇంకొకరు, ఇంకొకరు. టైలన్నీ నేలకు వేలాడాయి. ఆవరణలో నిటారుగా మిగిలింది ప్రభాకర్ సారు, మహేశ్వర్ సార్, దవాఖాన నుంచి తిన్నగా పనికొచ్చి చీపురు పట్టుకున్న లక్ష్మీనర్సమ్మ.

"పట్టవయ్యా మహేశ్వర్!" అని ప్రభాకర్ సారు అరిచాడు. ఇద్దరూ చెరో మూల పట్టారు. ఒకాయన పెద్ద బొజ్జ, ఇంకొకాయన పెద్ద పీహెచ్‌డీ. బస్తా జానెడు లేచి, జారి, పిగిలింది. వడ్లు వాళ్ళ బూట్ల మీదికి జలజలా కారాయి.

"ఊడ్వవే!" అన్నాడు ప్రభాకర్ సారు.

లక్ష్మీనర్సమ్మ చీపురు ఆయన కాళ్ళ దగ్గర పడేసింది. "నా కొడుకును ఊడ్సేసినవ్ గద సారూ, గది గూడ నువ్వే ఊడ్సుకో."

ప్రభాకర్ సారు ఇంకో ఫోన్ కొట్టాడు, పోలీసు జీపు వచ్చింది. పని ఆపింది ఎవరని ఎస్సై అడిగాడు.

"ఎవ్వలం ఆపలే సార్," అన్నాడు హరిలాల్. "పొద్దటి సంది పని కోసం వంగే ఉన్నం. నడుములు గుంజుతున్నయ్."

ఎస్సై బస్తాల వైపు చూశాడు, వీపుల వైపు చూశాడు. ప్రభాకర్ సారు సర్టిఫికెట్‌ను చింపి కావ్య వైపు విసిరాడు. "ఇదే సార్, దీని చదువే దీన్ని చెడగొట్టింది. ఎక్కించండి."

కానిస్టేబుల్ కావ్య రెక్క పట్టుకున్నాడు. అప్పుడు, పొద్దుటి నుంచి వంగిన నడుములు ఒక్కసారిగా లేచాయి. జీపు ముందు హమాలీలు, వెనక టైల పిల్లలు. కావ్య కానిస్టేబుల్ చెయ్యి విదిలించి కింద కూర్చుంది. ఆమె చుట్టూ అందరూ బాసింపట్టు వేసుక్కూర్చున్నారు.

"వీరేశంకు వైద్యం చేయించాలె. పనిల పెట్టుకోవాలె. గోడ మీది ఫొటో దింపాలె. అప్పటిదాక లేవం," అంది కావ్య.

"మర్యాదగా జీపెక్కండి!" అన్నాడు ఎస్సై.

లక్ష్మీనర్సమ్మ కూడా వచ్చి కావ్య పక్కన చతికిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఎస్సైని, ప్రభాకర్ సారును, మహేశ్వర్ సార్‌ను ఎగాదిగా చూసింది.

"ముగ్గురున్నరు గదా సారూ," అంది. "ఎత్తుండ్రి."